విక్టోరియా వుడ్ ఎవరు? ఇక్కడివాళ్లకి ఆవిడంటే అంత పిచ్చి ఎందుకు?

మీ ప్రశ్న ఇది: మాంచెస్టర్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. లంచ్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా సూప్ ఆర్డర్ చేస్తే చాలు, నలభై దాటిన కొలీగ్స్ అందరూ వణుకుతున్న ముసలావిడలా నటిస్తూ పడీపడీ నవ్వుతారు. అడిగితే "విక్టోరియా వుడ్" అంటారు. వెతికితే ఒకావిడ పియానో వాయిస్తూ పాడిన పాట దొరికింది, సగం అర్థం కాలేదు. ఆవిడ కమెడియనా, సింగరా? ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండూ. కానీ వరస ముఖ్యం. ముందు పాటలు, ఆ తర్వాతే కామెడీ. ఆవిడ రాసిన నాటకాలు, సీరియళ్లు, స్కిట్లు అన్నిటిలోనూ లోపల ఉన్నది పాటలు కట్టే మనిషే.

నాకు ఈవిడతో పరిచయం ఎలా అయిందో ముందు చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. 1999లో పెళ్లయి గుంటూరు నుంచి మాంచెస్టర్ దగ్గరున్న బరీకి వచ్చాను. చేతిలో బోటనీ ఎమ్మెస్సీ, దొరికిన ఉద్యోగం ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టోస్టుకి వెన్న రాయడం. మొదటిరోజు సూపర్‌వైజర్ "డిన్నర్ పన్నెండింటికి" అంటే రాత్రి పన్నెండు దాకా ఉండాలేమోనని నాకు ఒకటే టెన్షన్. లాంకషైర్ అనే ఈ ప్రాంతంలో డిన్నర్ అంటే మధ్యాహ్నం భోజనం అని అప్పుడు తెలియదు. అది వడ్డించే ఆడవాళ్లని డిన్నర్ లేడీస్ అంటారు. సరిగ్గా ఆ చలికాలంలోనే బీబీసీలో 'డిన్నర్‌లేడీస్' రెండో సిరీస్ వస్తోంది. మాంచెస్టర్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్, అందులో పనిచేసే ఆడవాళ్లు, వాళ్ల సోది. కథంతా ఆ ఒక్క వంటగదిలోనే. ముందు రోజు రాత్రి ఎపిసోడ్‌లో డైలాగులు మర్నాడు మా క్యాంటీన్‌లో నడిచేవి. నేను ఇంగ్లీషు యాస నేర్చుకున్నది నిజానికి అక్కడే, ఆ డైలాగుల మీదే. దాన్ని రాసింది, అందులో బ్రెన్ అనే ముఖ్య పాత్ర వేసింది, టైటిల్ మ్యూజిక్ కట్టింది విక్టోరియా వుడ్. ఆవిడ పెరిగింది మా బరీలోనే అని తెలిసి మరీ ముచ్చటేసింది.

పుట్టింది 1953 మే 19న, ప్రెస్ట్‌విచ్‌లో. మీరు మాంచెస్టర్ నుంచి బరీ ట్రామ్ ఎక్కితే మధ్యలో వచ్చే స్టాపే. నలుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవారు, తీరిక దొరికితే పాటలు, నాటికలు రాసుకునేవారు. చిన్నప్పుడే కుటుంబం బరీ పైన కొండమీద ఒంటరిగా ఉన్న పెద్ద ఇంటికి మారింది. ఒకప్పుడు అది పిల్లల్ని సెలవులకి తెచ్చి ఉంచే వసతిగృహం. చుట్టుపక్కల ఇళ్లు లేవు, ఇంటికి వచ్చిపోయేవాళ్లూ లేరు. ఇంట్లో కూడా ఎవరి గదిలో వాళ్లు, ఎవరి లోకంలో వాళ్లు. ఈ అమ్మాయికి తోడు పుస్తకాలు, టీవీ, తిండి. 15 ఏళ్లప్పుడు ఇంట్లో పియానో కొనిచ్చారు. ఆ ఏడే రాచ్‌డేల్‌లో కుర్రాళ్ల నాటక బృందంలో చేరారు. అంతవరకూ మాట్లాడ్డానికి మనుషులు లేని పిల్లకి ఒక్కసారిగా ఒక గుంపు దొరికింది.

1971లో మాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో డ్రామా కోర్సు ఆడిషన్‌కి వెళ్లి, భయంతో వాంతులు చేసుకున్నారు. సీటు రాలేదు. ఆ రోజు ఆడిషన్‌కి వచ్చినవాళ్లని చూసుకునే పని ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయికి అప్పగించారు. అంతకుముందు నర్సు ట్రైనింగ్ చేసిన ఆ అమ్మాయి ఆస్పత్రి కబుర్లు నటించి చూపిస్తూ అందర్నీ నవ్విస్తోంది. ఆ అమ్మాయి పేరు జూలీ వాల్టర్స్. హ్యారీ పాటర్ సినిమాల్లో రాన్ వాళ్లమ్మగా మీరు చూసే ఉంటారు. ఆ రోజు ఎవరి దారిన వాళ్లు పోయారు, ఏడేళ్ల తర్వాత గానీ మళ్లీ కలవలేదు.

వుడ్ బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో డ్రామా చదివారు. చదువు పూర్తవుతున్న 1974లోనే 'న్యూ ఫేసెస్' అనే టీవీ టాలెంట్ పోటీలో తన పాటలు తానే పాడి ఒక రౌండ్ గెలిచారు. ఇక తిరుగులేదనుకుంటాం కదా. ఏమీ జరగలేదు. మన టీవీ పాటల పోటీల్లో గెలిచిన పిల్లలు రెండేళ్లకి ఎక్కడున్నారో ఎవరికీ తెలియకుండా పోతారే, అలాగే. 1976లో 'దట్స్ లైఫ్' అనే వినియోగదారుల కార్యక్రమంలో వారం వారం సందర్భానికి తగ్గ చిన్న పాట కట్టి పాడే పని దొరికింది. మిగతా రోజులు దాదాపు ఖాళీ. పెద్ద పేరున్న వాళ్ల షోకి ముందు పది నిమిషాలు పాడటం, జనం వినకుండా కబుర్లు చెప్పుకోవడం. అప్పట్లో ఇక్కడ స్టాండప్ అంటే క్లబ్బుల్లో మగవాళ్లు అత్తగారి మీద జోకులేయడం. పియానో ముందు కూర్చున్న లావుపాటి అమ్మాయిని ఏ లెక్కలో వేయాలో ఎవరికీ తెలియలేదు. ఆ రోజుల్లోనే జెఫ్రీ డరమ్ అనే మెజీషియన్‌తో పరిచయమై, 1980లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. 2002లో విడిపోయారు.

మలుపు 1978లో వచ్చింది. లండన్‌లో బుష్ థియేటర్ అనే చిన్న హాల్లో కొంతమంది కలిసి ఒక షో కట్టారు. అందులో ఈవిడా ఉన్నారు, జూలీ వాల్టర్స్ కూడా ఉన్నారు. కొన్ని రోజులు పోయాక గానీ "ఆ రోజు ఆడిషన్‌లో నువ్వే కదూ" అని గుర్తుపట్టుకోలేదు. ఆ షో కోసం వుడ్ ఒక స్కిట్ రాశారు. లైబ్రరీలో ఒక అమ్మాయి, కడుపొచ్చిందేమోనని కంగారుగా ఉంటుంది. నెలసరి చక్రంలో ఇప్పుడు ఎక్కడున్నావని అడిగితే, ఆ అమ్మాయి చెప్పే జవాబు "వృషభం". చక్రం అనగానే రాశిచక్రం అనుకుంది! ఈ జోకు తెలుగులో చెప్తే ఇంగ్లీషులో కన్నా బాగుంటుందని నా నమ్మకం. మనకైతే పాదంతో సహా చెప్పేవాళ్లున్నారు. గమనించండి, అందులో ఎవరినీ వెక్కిరించడం లేదు. ఆ పిల్ల నిజంగానే ఆలోచించి, నిజాయితీగా జవాబు చెప్తుంది. నవ్వు అక్కడ పుడుతుంది.

ఆ ఊపులోనే షెఫీల్డ్ క్రూసిబుల్ థియేటర్ కోసం 'టాలెంట్' అనే నాటకం రాశారు. నైట్‌క్లబ్‌లో పాటల పోటీ, తెర వెనక ఇద్దరు స్నేహితురాళ్లు. టాలెంట్ పోటీ గెలిచి నాలుగేళ్లు ఖాళీగా కూర్చున్న మనిషికి ఆ తెర వెనక ఏముంటుందో ఇంకొకరు చెప్పాలా. 1979లో గ్రనాడా టీవీ దాన్ని తీసింది, వుడ్, వాల్టర్స్ ఇద్దరూ నటించారు. అక్కడి నుంచి ఈ జంట ముప్ఫై ఏళ్లకి పైగా సాగింది.

ఇక మీ సూప్ సంగతి. 1985 నుంచి 1987 వరకు బీబీసీ 2లో 'విక్టోరియా వుడ్ యాజ్ సీన్ ఆన్ టీవీ' వచ్చింది. స్కిట్లు, పాటలు, ఉత్తుత్తి డాక్యుమెంటరీలు, ఉత్తుత్తి అనౌన్సర్లు, అన్నీ కలిపిన అరగంట. అందులోదే 'టూ సూప్స్'. తొందరలో ఉన్న ఇద్దరు హోటల్లో సూప్ అడుగుతారు. వడ్డించేది ఒక పండు ముసలావిడ. వినపడదు, గుర్తుండదు, నడక సాగదు. అంతే కథ. ఆ ముసలావిడ జూలీ వాల్టర్సే, అప్పటికి ఆవిడ ముప్ఫైల్లో ఉన్నారు. మీ కొలీగ్స్ నటిస్తున్నది ఆవిడనే.

అదే షోలో 'ఏకార్న్ యాంటిక్స్' అని ఒక ఉత్తుత్తి డైలీ సీరియల్ ఉండేది. అప్పట్లో 'క్రాస్‌రోడ్స్' అని ఒక నిజం సీరియల్ వచ్చేది. తక్కువ డబ్బు, తక్కువ రిహార్సల్. దాన్నే వెక్కిరించారు. గోడ ఊగుతుంది, ఫోన్ మోగకముందే ఎత్తేస్తారు, కెమెరా ఒకచోట నటుడు ఇంకోచోట, పనిమనిషి మిసెస్ ఓవరాల్ తన సీను రాకముందే ట్రే పట్టుకుని తలుపు దగ్గర కనిపించేస్తుంది. మన డైలీ సీరియళ్లు చూసినవాళ్లకి ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది, ఇంగ్లీషు రాకపోయినా. సరిగ్గా చెయ్యడం కన్నా సరిగ్గా తప్పు చెయ్యడం కష్టం. అక్కడ ప్రతి తప్పూ తాళం ప్రకారం పడుతుంది.

తాళం అనే మాట ఊరికే వాడలేదు. ఆవిడతో పనిచేసిన నటులు చాలామంది చెప్పిన సంగతి ఒకటుంది: రాసిన మాట రాసినట్టే పలకాలి. ఒక అక్షరం తగ్గించినా, ఒక "అయితే" కలిపినా ఒప్పుకునేవారు కాదు. 'డిన్నర్‌లేడీస్' అయితే ఒక్కో ఎపిసోడ్ రెండు రాత్రులు ప్రేక్షకుల ముందు తీసేవారు. మొదటి రాత్రి ఎక్కడ నవ్వు పడలేదో చూసి, తెల్లారేసరికి ఆ ముక్క తిరగరాసేవారు. తోటి నటులకి నరకమే అనుకోండి. కానీ పాట కట్టేవాళ్లకి ఇది అర్థమవుతుంది. చరణంలో ఒక మాత్ర ఎక్కువైతే పాట కుంటుతుంది కదా, ఆవిడ మామూలు మాటల్నీ అదే చెవితో వినేవారు.

ఇప్పుడు మీకు సగం అర్థం కాని ఆ పాట. మీరు చూసింది 'ద బ్యాలడ్ ఆఫ్ బ్యారీ అండ్ ఫ్రెడా' అయ్యుండాలి. జనం 'లెట్స్ డూ ఇట్' అంటారు. 1986 నాటిది. మధ్యవయసు మొగుడూ పెళ్లాం, ఒక రాత్రి. ఫ్రెడాకి హఠాత్తుగా సరసం పుట్టుకొచ్చింది, బ్యారీకి చచ్చేంత భయం. ఒక చరణం ఆమె ఆహ్వానం, ఒక చరణం అతని సాకులు. పాట నడిచేకొద్దీ శ్రుతి మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది, వేగం ఊపిరి తిప్పుకోనివ్వదు. విషయం పడగ్గదిదే అయినా ఒక్క బూతు మాట ఉండదు. నేను మా అత్తగారి ముందే పెట్టాను. "రాగం బాగుంది, ఆ పిల్ల గొంతు పట్టుకుపోతుందేమో" అన్నారు.

మీకు అర్థం కాని సగం ఏదంటే, ఆ వస్తువుల పేర్లు. ఫ్రెడా తనని 'వుమన్స్ వీక్లీ'తో వెనక వాయించమంటుంది. ఆ పత్రిక 1911 నుంచి వస్తోంది. స్వెటర్ అల్లికలు, కేకుల కొలతలు, కుదురైన కథలు. ఇక్కడ ప్రతి అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. కొరడా అని రాసుంటే ఎవరూ నవ్వరు, ఏ పత్రికో చెప్పకపోయినా ఎవరూ నవ్వరు. తర్వాత హోస్టెస్ ట్రాలీ వస్తుంది. వండినవి చల్లారకుండా ఉంచే కరెంటు బండి అది, 1970ల్లో మధ్యతరగతి ఇంట్లో అది ఉంటే డాబు. అటు బ్యారీ, నన్నొదిలెయ్యి, వినైల్ ఫ్లోరింగ్ కేటలాగ్ చదువుకోనీ అంటాడు. 'బోరింగ్'కి 'ఫ్లోరింగ్' అంత్యప్రాస. ప్రాస కోసం తెచ్చిన మాటలా ఉండదు. అలాంటి మనిషి అలాంటి రాత్రి సరిగ్గా అదే చదువుతాడు అనిపిస్తుంది. ప్రాస కుదరడం, మనిషి కుదరడం ఒకే మాటలో జరిగిపోతాయి. కష్టమంతా అక్కడే.

ఇది ఇంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటే, పదిహేనేళ్లకి పైగా మా తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్లకి హాస్య పాటలు రాస్తున్నాను. మొదటి ఏడు పెళ్లిరోజు మర్చిపోయిన మొగుడి మీద పాట కట్టాను. "ఆలస్యంగా వచ్చాడు, ఏదో తెచ్చాడు" అని ఒక లైను. హాలంతా నిశ్శబ్దం, పిల్లలు కుర్చీలు లాగుతున్న చప్పుడు తప్ప. మరుసటి ఏడు అదే పాటలో ఆ లైను తీసేసి, ఆఫర్‌లో ఉందని పది కిలోల గోధుమపిండి బస్తా మోసుకొచ్చినట్టు రాశాను. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఐదు కిలోలైతే నవ్వు రాదు, ఇరవై అయితే అబద్ధంలా ఉంటుంది. పది. ఈ లెక్క నాకు నేర్పింది విక్టోరియా వుడ్డే.

లాంకషైర్ హాస్యం మనకి దగ్గరగా ఉండటానికి ఇంకో కారణం, మొహం మారదు. గోదావరి వాళ్ల వెటకారం తెలుసు కదా, మీరు ఎగతాళి అయిపోయారని మీకు ఇంటికెళ్లాక తెలుస్తుంది. ఇక్కడ బస్‌స్టాప్‌లో ముసలమ్మల మాటలు అలాగే ఉంటాయి. ఒకే ఊపిరిలో ఎవరిదో చావు కబురు, బిస్కెట్ల ధర. వుడ్ ఆ ధోరణిని టీవీకి ఎక్కించారు.

ఆవిడలో నాకు అన్నిటికన్నా నచ్చేది, మంచి డైలాగులన్నీ పక్కవాళ్లకి ఇచ్చేయడం. 'డిన్నర్‌లేడీస్'లో తనది బుద్ధిగా వినే పాత్ర. నవ్వులన్నీ మిగతావాళ్లవి. మాక్సీన్ పీక్ అప్పుడే నాటక పాఠశాల నుంచి వచ్చిన పిల్ల. కాస్త అమాయకపు అనితగా వేసిన శోభనా గులాటీ పక్కనే ఓల్డమ్‌లో పుట్టిన మన భారతీయుల అమ్మాయి. ఆ రోజుల్లో ఇంగ్లీషు టీవీలో భారతీయ మొహం కనిపిస్తే డాక్టరో, దుకాణం వాడో, బలవంతపు పెళ్లి బాధితురాలో. అనిత మామూలు మనిషి, అందరిలాగే తిక్కది. క్యాంటీన్‌లో టోస్టుకి వెన్న రాస్తున్న నాకు అది ఎంత పెద్ద సంగతో మీకు చెప్పలేను. 16 ఎపిసోడ్లతో సీరియల్‌ని వుడ్డే ఆపేశారు. బీబీసీ ఇంకో పదేళ్లు నడిపించుకునేదే.

అన్నీ గొప్పవని అనను. 'ఏకార్న్ యాంటిక్స్'ని 2005లో లండన్‌లో మ్యూజికల్‌గా చేశారు. ట్రెవర్ నన్ డైరెక్షన్, నటి సీలియా ఇమ్రీకి ఒలివియే అనే పెద్ద నాటకరంగ అవార్డు, అన్నీ బాగానే ఉన్నాయి, కానీ పది నిమిషాల జోకు పూటంతా సాగింది. తర్వాత ఊళ్లు తిరిగే టూర్‌కి ఆవిడే మార్చి డైరెక్ట్ చేశారు. స్టాండప్‌లో తన లావు మీద తాను వేసుకున్న తొలినాళ్ల జోకులు ఇప్పుడు వింటే నాకు నవ్వు కన్నా చివుక్కుమనడమే ఎక్కువ. అయినా స్టాండప్‌కి లండన్‌లోని పెద్ద హాలు రాయల్ ఆల్బర్ట్ హాల్‌ని రాత్రి తర్వాత రాత్రి నింపారంటే, అదీ ఆ కాలంలో ఒక ఆడమనిషి ఒక్కర్తే నిలబడి, మామూలు విషయం కాదు.

నవ్వించేవాళ్లకి ఏడిపించడం వచ్చా అంటే, 2006లో ఐటీవీకి చేసిన 'హౌస్‌వైఫ్, 49' చూడండి. బారో అనే ఊళ్లో నెల్లా లాస్ట్ అనే గృహిణి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో 'మాస్ అబ్జర్వేషన్' అనే సంస్థ కోసం డైరీ రాసేది. మామూలు జనం రోజూ ఏం చేస్తారో, ఏమనుకుంటారో పోగుచేసే సంస్థ అది. తన గురించి ఆవిడ రాసుకున్న పరిచయం ఆ రెండు ముక్కలే: గృహిణి, వయసు 49. నోరెత్తని ఇల్లాలు యుద్ధంలో వాలంటీరు పనికి వెళ్లి మనిషవుతుంది. వుడ్ రాసి, నటించారు. దానికి రెండు బాఫ్టాలు, అంటే ఇక్కడి పెద్ద టీవీ అవార్డులు, వచ్చాయి, ఉత్తమ నటి ఒకటి, ఉత్తమ సింగిల్ డ్రామా ఒకటి. నాకు తెలిసిన ఒకావిడ అది చూశాక డైరీ మొదలుపెట్టింది. నేనే.

జనం పెద్దగా పట్టించుకోనిది, నాకు చాలా ఇష్టమైనది, 'దట్ డే వి శాంగ్'. 1929లో మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో 250 మంది బడిపిల్లలు హాలె ఆర్కెస్ట్రాతో కలిసి పర్సెల్ అనే పాతకాలపు ఇంగ్లీషు సంగీతకర్త కట్టిన పాటని రికార్డు చేశారు. ఇది నిజంగా జరిగింది. ఆ పిల్లల్లో ఇద్దరు నలభై ఏళ్ల తర్వాత, ఎవరికీ అక్కర్లేని మధ్యవయసులో మళ్లీ కలిస్తే? అది వుడ్ కల్పన. 2011లో మాంచెస్టర్‌లో రంగస్థలం మీద వేశారు, 2014లో తానే డైరెక్ట్ చేసి బీబీసీకి తీశారు. పాటలన్నీ తనవే. నవ్వే చోట చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, ఏడ్చే చోట ఎవరో తిండి గురించి మాట్లాడతారు.

2016 ఏప్రిల్ 20న లండన్‌లో తన ఇంట్లో క్యాన్సర్‌తో పోయారు. 62 ఏళ్లు. జబ్బు సంగతి బయటివాళ్లకి తెలియనివ్వలేదు. ఆ రోజు నేను పనిచేసే చోట టీ టైమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఒకావిడ "రెండు సూపులు" అంది, అందరూ నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. ముందు 'టూ సూప్స్', మూడు నిమిషాల పని, మీ ఆఫీసు సమస్య తీరిపోతుంది. తర్వాత 'ఏకార్న్ యాంటిక్స్' ముక్కలు రెండు మూడు. ఆ పాట మళ్లీ వినండి, ఈసారి సబ్‌టైటిల్స్ పెట్టుకుని. 'డిన్నర్‌లేడీస్' మాత్రం మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూడాలి, మధ్యలో దూరితే బ్రెన్ వాళ్లమ్మ కథ పోతుంది. ఆ అమ్మ కూడా జూలీ వాల్టర్సే, నిజానికి వుడ్ కన్నా మూడేళ్లే పెద్ద. యాస మొదట్లో కష్టంగా ఉంటుంది, రెండు ఎపిసోడ్ల తర్వాత చెవికి పడుతుంది. పాటలు రాసే ఆసక్తి ఉంటే 'దట్ డే వి శాంగ్' ఆఖర్న ఉంచుకోండి.

బరీ ట్రామ్‌కి ఆఖరి స్టాపే, నిద్రపోయినా పర్వాలేదు. ఊరి మధ్యలో 2019లో పెట్టిన ఆవిడ కంచు విగ్రహం ఉంది, జనం చందాలు వేసుకుని చేయించుకున్నది. చెక్కింది గ్రాహమ్ ఇబెసన్, మోర్‌కమ్ అనే ఊళ్లో కమెడియన్ ఎరిక్ మోర్‌కమ్ విగ్రహం చేసినాయనే. వస్తే బుధ, శుక్ర, శనివారాల్లో రండి, పెద్ద మార్కెట్ ఉండేది ఆ రోజుల్లోనే. పచ్చిమిరపకాయలు కూడా దొరుకుతాయి.